హీలియంకి జత లేదు

మా వదిన సువార్తమ్మ మామిడికుదురులో ఒక కొబ్బరి వర్తకుడి దొడ్డిలో కాయలు లెక్కపెట్టేది. చేతికొకటి చొప్పున రెండు కాయలు తీసి, ఒక్క ఊపున కుప్పలోకి విసిరి, ఒకటికి బదులు లాభమని, "లాభం, రెండు, మూడు" అంటూ జతకొక అంకె పలికేది. ఆఖరి అంకెని రెట్టింపు చేస్తే మొత్తం కాయలు. చిన్నప్పటి నుంచీ చేతులకి అదే అలవాటు. మనసు మాత్రం టీచరు ఉద్యోగం మీద. ట్రైనింగుకి ఇంటరు కావాలన్నారు. అన్నీ గట్టెక్కాయి గానీ రసాయన శాస్త్రం దగ్గర బండి ఆగిపోయింది. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది పరీక్షలో కూడా తప్పితే ట్రైనింగుకి వయసు దాటిపోతుంది.

రాజోలులో కామేశ్వరరావు మేష్టారి దగ్గర ప్రైవేటుకి చేరింది. తోడు నేను. ముప్పై రెండు గ్రాముల ఆక్సిజన్‌లో పరమాణువులెన్నో లెక్క కట్టమన్నారాయన. వదిన బిక్కమొహం వేసింది.

"కంటికి కనపడని గాలిని ఎలా తూచేరండీ? తూచేరే అనుకోండి, తూకం చూసి ఎన్నున్నాయో ఎలా చెప్తారండీ?"

మేష్టారు ఆ ముప్పై రెండు గ్రాములూ ఒక మోల్ అన్నారు, మోల్ అంటే ఆరు పక్కన బోలెడన్ని సున్నాలున్న సంఖ్య అన్నారు. అన్ని అణువులట, పరమాణువులు దానికి రెట్టింపట! నాకైతే బుర్ర గిర్రున తిరిగింది.

"రెట్టింపెందుకండీ?" అంది వదిన.

"ఆక్సిజన్ పరమాణువులు రెండేసి కలిసి ఒక అణువుగా ఉంటాయమ్మా."

"ఓరి నాయనో, మా కాయల్లాగా జతలాండీ!" వదిన మొహం విప్పారింది. "ఇలాంటి వాయువులన్నీ ఇంతేనాండీ?"

మేష్టారికి భోజనం వేళ దాటిపోతోంది. "జతలే అనుకోమ్మా, నీకు తేలిగ్గా ఉంటుంది."

"ఆయ్" అంది వదిన.

హైడ్రోజన్, నైట్రోజన్ లెక్కలన్నీ చకచకా చేసేసింది. పరీక్షలో నాలుగు గ్రాముల హీలియంలో పరమాణువులెన్నో అడిగారు. వదిన సంతోషంగా రెట్టింపు చేసి వచ్చింది.

మళ్ళీ తప్పింది. ఆ లెక్కకి ఎన్ని మార్కులో, పాసవడానికి సరిగ్గా అన్నే తగ్గాయి. ప్రశ్నపత్రం పట్టుకుని మేష్టారింటికి వెళ్ళాం. ఆయన చూసి నుదురు కొట్టుకున్నారు.

"హీలియంకి జత లేదమ్మా. ఒక్క పరమాణువే ఒక అణువు. రెట్టింపు చెయ్యకూడదు."

"మరి మీరు జతలే అన్నేరు కదండీ?"

"ఆ రోజు... వేళ మించిపోయిందని..."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి బతుకు కంటే ఈయనకి పప్పన్నం ఎక్కువైందా? నోరు తెరవబోతే వదిన నా చెయ్యి నొక్కింది.

"పోనీ, వచ్చే ఏడు మళ్ళీ కట్టమ్మా" అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

"వచ్చే ఏడు పాసైనా నన్ను తీసుకోరండీ." వదిన కళ్ళు తుడుచుకుని, చాప లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "అయినా చెప్పండి. మిగతావాటికి జత ఉండి, దానికి ఎందుకు లేదండీ? అది తెలీకుండా నేను లేవనండీ."