గొడుగుల కార్ఖానాలో దారం లేని మిషను

ఆ వీధిలో "గొడుగు మావయ్య ఇల్లెక్కడ?" అని ఎవరినైనా అడగండి, ఇల్లు చూపించరు. టైర్ల కొట్టు మీదున్న కార్ఖానా చూపిస్తారు. ఆయన ఇంటికి వెళ్ళేది పడుకోవడానికే మరి! ఇనుప మెట్లెక్కితే రెండు గదులు. ముందు గదిలో నాలుగు కుట్టు మిషన్లు, మూలన ఇనుప పుల్లల కట్టలు, గోడ పొడవునా ఇంకా పిడి వేయని గొడుగులు. కిటికీ దగ్గర ఎత్తుపీట మీద మావయ్య అక్క. గొడుగు గుడ్డని పుల్లల కొసలకి చేత్తో ముడివేసి బిగించడం ఆవిడ పని. వాళ్ళ నాన్న ఉన్నప్పటి నుంచీ అదే పని, అదే పీట. పెళ్ళి కుదరలేదు. కుదరనందుకు ఆవిడ దిగులుపడగా చూసినవాళ్ళూ లేరు. "నాకు పీటుంది, కిటికీ ఉంది, తిట్టడానికి తమ్ముడున్నాడు. ఇంకేం కావాలే?" అనేది అడిగినవాళ్ళతో.

కార్ఖానా అని పేరే గానీ, కుట్టేవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు పెద్ద ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. మిగిలింది కుట్టడానికి తమ్ముడూ, ముడివెయ్యడానికి అక్కా. వానలకి ముందు ఒక పెద్ద షోరూము నుంచి వచ్చే ఆర్డరుతోనే ఏడాదంతా నెట్టుకొచ్చేవాళ్ళు. ఈసారి షోరూము ఆసామి ఫోనెత్తడమే మానేశాడు. ఆర్డరు రాకపోతే గదులు ఖాళీ చెయ్యాల్సిందే. తన సంగతి మావయ్యకి బెంగ లేదు, ఏ వీధి మొగలోనో గొడుగులు బాగుచేసుకుంటూ బతికేస్తాడు. అక్క పీట ఎక్కడ వెయ్యాలి? అదీ ఆయన బెంగ.

సరిగ్గా అప్పుడొచ్చింది బిజినెస్ కాలేజీ మేడమ్. ఏటా పరాయి దేశపు యూనివర్సిటీ నుంచి కొందరు పిల్లలు మూడు వారాల కోసం ఆ కాలేజీకి వస్తారు. విమానం దిగడం, ఏదో ఒక చిన్న వ్యాపారాన్ని దగ్గరుండి చూడటం, దాన్ని ఎలా బాగుచెయ్యాలో ఆఖరి రోజు హాల్లో చెప్పడం, మళ్ళీ విమానం ఎక్కడం. అదీ వాళ్ళ చదువు.

"ఈసారి మీ కార్ఖానా అనుకుంటున్నామండీ," అంది మేడమ్. "ఆఖరి రోజు షోరూము ఆయన కూడా వస్తారు. పిల్లలు చెప్పేది విని మీ ఆర్డరు సంగతి తేలుస్తానన్నారు."

ఇక మావయ్య కాళ్ళు నేల మీద నిలవలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించి ఉంటే అసలీ కథే లేదు. కానీ పరువు అనే జబ్బు ఒకటి ఏడ్చింది కదా మనిషికి! ఖాళీ మిషన్లు చూసి ఎవడైనా ఆర్డరిస్తాడా అనుకున్నాడు. పిన్నినీ, పిన్ని కోడల్నీ, ట్యాక్సీ నడిపే బావమరిదినీ, కింద కొట్లో పంక్చర్లేసే అతన్నీ బతిమాలి తెచ్చి నాలుగు మిషన్ల ముందూ కూర్చోబెట్టాడు.

"నాకు కుట్టడం రాదు బావా," అన్నాడు బావమరిది.

"నిన్ను కుట్టమని ఎవడన్నాడు? దారమే ఎక్కించను. తొక్కుతూ ఉండు. గదిలో మోత రావాలి, అంతే."

కిటికీ దగ్గర నుంచి అక్క నవ్వింది. "పైన పటారం, లోన లొటారం అంటే ఇదేరా. వచ్చేది చదువుకునే పిల్లలు. నిజం చెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"నువ్వూరుకో అక్కా! వ్యాపారం నీకు తెలీదు."

"నీకు తెలిసి మనం మేడలు కట్టేశాంలే!"

పిల్లలొచ్చారు. మంచి పిల్లలు, అబద్ధం చెప్పకూడదు. చెప్పులు బయట విప్పాలా అని అడిగి మరీ లోపలికొచ్చారు. గదిలో మోతంటే మోత! పిన్ని ఒకే గుడ్డముక్కని మిషను కిందకి తోస్తూ, తీస్తూ, మళ్ళీ తోస్తూ చెమటలు కక్కింది. పిల్లలు తలలూపుతూ ఏవో రాసుకున్నారు. వాళ్ళలో పొడుగు జడ పిల్ల ఒకతె మాత్రం అక్క పీట పక్కన నేల మీద చతికిలబడి కదల్లేదు. ఆ పిల్ల మాట అక్కకి రాదు, అక్క మాట ఆ పిల్లకి రాదు. అయినా సాయంత్రానికి అక్క ఆ పిల్ల వేళ్ళు పట్టుకుని ముడి వెయ్యడం నేర్పింది. వేసిన ముడి ఊడిపోతే ఇద్దరూ పకపకా నవ్వారు.

ఒక్క రోజుతో పోతుందనుకున్నాడు మావయ్య. వాళ్ళు మళ్ళీ వచ్చారు, మళ్ళీ మళ్ళీ వచ్చారు. వచ్చినప్పుడల్లా బంధువర్గమంతా పరుగున మెట్లెక్కాల్సిందే. పిన్నికి మోకాళ్ళు వాచాయి. "నా ట్యాక్సీకి మూడు వారాలుగా చక్రం తిరగట్లేదు, ఇక్కడ మాత్రం ఉత్త చక్రం తిప్పుతున్నా," అని బావమరిది సణిగాడు. జడ పిల్ల ఎప్పుడొచ్చినా నేరుగా కిటికీ దగ్గరికే వెళ్ళేది. ఫోను పట్టుకుని అక్క వేళ్ళనే చూసేది. "నా మీద మనసుపడిందిరా పిల్ల," అని మురిసిపోయింది అక్క.

ఆఖరి రోజు కాలేజీ హాల్లో అక్కా తమ్ముళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. అక్క బీరువా అడుగున దాచిన చీర తీసి కట్టుకుంది. పక్కనే షోరూము ఆసామి. పిల్లలు మాట్లాడుతుంటే మేడమ్ ఒక్కో ముక్కా తెలుగులో చెబుతోంది. తెర మీద పెద్దగా ఒక ఫోటో పడింది.

"ఒరేయ్, నా చేతులేరా!" అని అక్క తమ్ముడి మోకాలి మీద చరిచింది.

జడ పిల్ల మైకు అందుకుంది. మేడమ్ అదే స్వరంతో చెప్పుకుపోయింది: "ఈ కార్ఖానాలో మిషన్ల దగ్గర ఏ లోటూ లేదు. అందరూ క్షణం ఆగకుండా పనిచేస్తున్నారు. ఆలస్యమంతా కిటికీ దగ్గరే. అక్కడ ఒకే ఒక్కరు చేత్తో ముడివేస్తున్నారు. ముళ్ళు మానేసి, పుల్లల కొసలకి ప్లాస్టిక్ టోపీలు తొడిగితే చాలు. ఆ స్థానం అవసరమే ఉండదు."

చప్పట్లు మోగాయి. అక్క చెయ్యి తమ్ముడి మోకాలి మీదే ఆగిపోయింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదిగో అది. పాపం, ఆ పిల్లని అనడానికేముంది? కళ్ళకి కనిపించింది చెప్పింది. కనిపించేలా చేసింది ఎవరు?

షోరూము ఆసామి లేచి మావయ్య భుజం తట్టాడు. "ఇంతమంది మిషన్ల మీదున్నారని నాకు తెలీదయ్యా! మామూలుగా తీసుకునేదానికి రెట్టింపు తీసుకుంటా. కాకపోతే ఆ చేతిముడి వద్దు. పిల్లలు చెప్పినట్టే చెయ్యి. రేపు మా మనిషొచ్చి చూసి ఆర్డరు ఖాయం చేస్తాడు."

అప్పుడే మేడమ్ మైకు తెచ్చి మావయ్య నోటి ముందు పెట్టింది. ఆ మిషన్లన్నీ ఉత్తవేనండీ, నాతోపాటు పనిచేసేదల్లా మా అక్కేనండీ, అని చెప్పేస్తే? మోసగాడనిపించుకుని ఉన్నదీ పోగొట్టుకోవాలి. చెప్పకపోతే? మింగలేడు, కక్కలేడు. హాలంతా ఆయన వైపే చూస్తోంది. "చాలా సంతోషమండీ," అన్నాడు చివరికి. అన్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

బయట వసారాలో జడ పిల్లని పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు చూసింది నిజం కాదమ్మా. వాళ్ళు మా పిన్నీ, మా బావమరిదీ. మా అక్క తప్ప అక్కడ ఎవరూ లేరమ్మా," అన్నాడు. ఆ పిల్లకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆయన కళ్ళనీళ్ళు చూసి తనకీ కళ్ళు చెమర్చాయి. కృతజ్ఞత అనుకుంది కాబోలు, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. మేడమ్ కోసం వెతికాడు. ఆవిడ పిల్లల సామాన్లు బస్సెక్కించే హడావుడిలో ఉంది. బస్సు విమానాశ్రయానికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చే దారిలో అక్క ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం ఆయన ఎరగడు.

మర్నాడు పొద్దున్నే అక్క మామూలుగానే వచ్చి పీట మీద కూర్చుంది. లేవమని చెప్పడానికి మావయ్యకి నోరు రాలేదు. పిన్నీ కోడలూ వచ్చారు, పంక్చర్ల అతనూ వచ్చాడు. బావమరిది మాత్రం రాలేదు. దూరపు బేరం తగిలిందని ఫోను చేశాడు. నాలుగో మిషను ఖాళీ. కింద ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. మావయ్య కుడితిలో పడ్డ ఎలకలా గదంతా గిరగిరా తిరిగాడు.

అక్క చేతిలోని గొడుగు పక్కన పెట్టింది. పీట దిగి, నాలుగో మిషను ముందు కూర్చుని, తొక్కడం మొదలుపెట్టింది.

షోరూము మనిషి గదంతా కలియజూశాడు. మిషన్లు లెక్కపెట్టుకుని, కిటికీ వైపు తిరిగాడు. "ఇక్కడ ముళ్ళేసే పెద్దావిడ ఒకరుండాలే? తీసేశారా?"

అక్క తల ఎత్తలేదు.

"తీసేశామండీ," అన్నాడు మావయ్య.

"మంచిపని చేశారు," అని ఆర్డరు ఖాయం చేసి అతను వెళ్ళిపోయాడు. పిన్ని ఉస్సురంటూ మోకాళ్ళు పట్టుకుంది. ఒక్కో మిషనూ ఆగింది. నాలుగోది ఆగలేదు.

"అక్కా, వెళ్ళిపోయాడు. ఇక ఆపు," అన్నాడు మావయ్య.

"తొక్కుతూ ఉండమన్నావుగా," అంది అక్క. దారం లేని సూది కిందకీ పైకీ ఆడుతూనే ఉంది. చేతులకి అక్కడ పనేమీ లేక ఆవిడ వాటిని ఒళ్ళో పెట్టుకుంది.