అల్లం వంతు

మేడమీద సంచిలో వేసిన అల్లం ఆకులు పాలిపోతున్నాయని మా కోడలు మొన్న నన్ను పైకి పిలిచింది. ఎల్బీనగర్ మెట్రో రైలు చప్పుడు వింటూ మట్టిని వేళ్ళతో కెలికి చూద్దును కదా, నిరుడు అల్లం తవ్వుకున్న మట్టిలోనే మళ్ళీ వేసింది. ఇంకేం ఎదుగుతుంది పాపం, అనుకుంటూనే మా అత్తగారు కళ్ళల్లో మెదిలారు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇక్కడ ప్రతి ఇంటికీ జానెడో బారెడో పెరడు ఉండేది. మేము కోస్తా నుంచి వచ్చేటప్పుడు అత్తగారు తన పుట్టింటి విత్తనపు అల్లం వెంట తెచ్చుకున్నారు. అల్లం నేల సారమంతా పీల్చేస్తుందని, ఒకసారి వేసినచోట కొన్నేళ్ళదాకా మళ్ళీ వేయకూడదని ఆవిడ పట్టు. మాకున్నది ఒక్క మడి. రెండో ఏడు గోడ అవతల ఉండే నల్లగొండ ఇల్లాలు “ఈసారి మా పెరట్ల పెట్టుండ్రి పెద్దమ్మా” అంది. అలా మొదలై, అల్లం వంతు ఏటా ఒక గడప చొప్పున వీధంతా తిరిగింది. అత్తగారు చంపాపేట్ వైపు గేదెల కొట్టం నుంచి మాగిన ఎరువు తెప్పించి, ఆకుకు పేడ, దుంపకు బూడిద అంటూ వీధిలోని నీళ్ళకాగుల కింది బూడిదంతా పోగుచేసి, పొద్దున్నే ఆ ఏడు వంతు వచ్చిన పెరటికి వెళ్ళి, ఆ ఇంటి పిల్లల జలుబు దగ్గర్నుంచి మొగుడి అలక దాకా అన్నీ విని వచ్చేవారు. తవ్వాక మొదటి చేటెడు ఆ ఇంటిదే. నేల కోలుకోవాలని ఖాళీ అయిన చోట అలసందలు చల్లేవారు. ఇసుకలో దాచిన విత్తనం కుండ మాత్రం మా ఇంట్లోనే, నన్ను కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు.

తర్వాత ఒక్కో పెరడూ కిరాయి గది అయింది, కారు నిలిపే చోటు అయింది. మా ఆయన కూడా స్కూటరు కోసం గచ్చు చేయించారు. ఓ ఏడు తొలకరి పడింది, కుండలో అల్లం మొలకెత్తి కూర్చుంది. అత్తగారు గొడుగు వేసుకుని వీధి చివరిదాకా అడిగి వచ్చారు. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు, మట్టి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

మర్నాడు ఆ విత్తనమంతా కడిగి, చింతపండూ బెల్లమూ వేసి పచ్చడి నూరి, ఇంటింటికీ గిన్నెలో పంపారు. అందరూ బాగుందన్నారు. ఆవిడ మాత్రం మజ్జిగన్నం తిని లేచిపోయారు.

కోడలిని మట్టి మార్చమన్నాను. సాయంత్రానికల్లా ఫోనులో తెప్పించేసింది. మంచి మట్టే, నల్లగా, మెత్తగా ఉంది, మొక్క కోలుకుంటుంది. కానీ ఈ ఏడు మీ పెరట్లో వేసుకుంటామని ఒకరి తలుపు తట్టి అడిగే పని ఒకటుండేది చూశారూ, ఈ వయసులో నాకు దానిమీదికే మనసు పోతోంది.