చక్రం మూతలో బొబ్బట్లు

రండి, గడప దగ్గరే నిలబడితే ఎలా, ఆ కుర్చీ ఇలా లాక్కుని నా పక్కనే కూర్చోండి. చేతిలో పనుంటే తెచ్చుకోండి, చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద పెద్ద మాటలు రావు. కానీ ఒకసారి చూసినది, విన్నది నా బుర్రలోంచి పోదు (మావారు దీన్ని సుగుణం అనరు). ఆ రోజుల్లో, అంటే మావారు వెల్డింగ్ పని మీద న్యూజిలాండ్ వచ్చి, వెనకాలే నేనూ వచ్చి, టకానిని అనే ఊళ్ళో కాపురం పెట్టిన కొత్తల్లో, ఎండ కాసిన ఆదివారం వచ్చిందంటే పాత కార్లు షెడ్లలోంచి బయటికి వచ్చేవి. ఇప్పటి కార్లు చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి గుండె ఆగిపోయేలా చేస్తాయి. ఆ కార్లు అలా కాదు, వీధి మొదట్లోనే దగ్గి, తుమ్మి, పెద్దమనిషి వస్తున్నట్టు కబురు పెట్టి మరీ వచ్చేవి. ఆ చప్పుడు వినగానే నేను చేతిపిండి కూడా కడుక్కోకుండా వాకిట్లోకి పరిగెత్తేదాన్ని.

మా పక్కింటి తెల్ల పెద్దాయనకూ అలాంటిదొకటి ఉండేది. లేత ఆకుపచ్చ రంగు, తాబేలు వీపులా గుండ్రంగా, చూస్తే బుగ్గ గిల్లాలనిపించే కారు. ఆయన్ని మేము కారంకుల్ అనుకునేవాళ్ళం, ఆయన భార్యని కారాంటీ అని. ఆయన చెప్పేది నాకు బాగానే అర్థమయ్యేది, నేను చెప్పేదే చేతులూ కళ్ళూ కలిపి తిప్పితే గానీ ఆయనకు అందేది కాదు. మా వైపు బండికి దసరాకి ఒక్కసారి స్నానం, పసుపూ కుంకుమా, నాలుగు నిమ్మకాయలు, అంతటితో సరి. ఈయన మాత్రం రోజూ పొద్దున్నే పాత బనీను ముక్కతో దాన్ని తుడుస్తూనే ఉండేవాడు. "నన్ను ఇంత శ్రద్ధగా తుడిచి ఉంటే నేనూ ఇలాగే మెరిసేదాన్ని," అనేది ఆంటీ, టీ కప్పు కారు మీద పెట్టబోయి తిట్లు తింటూ. ఆ కారుకి ఉన్న లోపం ఒక్కటే. మూడు చక్రాల మధ్యన మెరిసే మూతలు ఉండేవి, నాలుగోది ముక్కుపుడక తీసేసిన ముక్కులా బోసిగా ఉండేది. ఆ మూత ఎప్పుడో ఒక కొండదారిలో ఊడి, దొర్లుకుంటూ పోయి లోయలో పడిందట. అలాంటివి తయారు చేయడం మానేసి చాలా కాలమైంది. ఎక్కడ పాత కార్ల సంత జరిగినా ఆయన ఆ నాలుగో మూత కోసం వెతుక్కునేవాడు.

ఒకరోజు కంచె దగ్గర నేను బట్టలు ఆరేస్తుంటే ఆయన దిగాలుగా నిలబడి ఉన్నాడు. తుడిచే గుడ్డ చేతిలో ఉంది, తుడవడం లేదు. ఆంటీకి ఒంట్లో బాగులేదేమో అని భయపడ్డాను.

"ఈ ఏడు కూడా జనం రాకపోతే మా సంతకి ఇదే ఆఖరు, డియర్," అన్నాడు. "మైదానం వాళ్ళు తేల్చి చెప్పేశారు. ఖాళీ గడ్డి కోసం మీకు మైదానం ఎందుకంటున్నారు."

"అసలు అక్కడ ఏం చేస్తారంకుల్?"

"ఒక పక్క కార్లు వరసగా పెట్టి చూపిస్తాం. ఇంకో పక్క సంత. ఎవరికి అక్కర్లేనివి వాళ్ళు తెచ్చి దుప్పటి మీద పరుస్తారు. నీ దగ్గర ఉన్నది ఇచ్చి, నీకు కావలసినది పట్టుకుపోవచ్చు. ఒకప్పుడు కార్లు రైలు స్టేషన్ దాకా బారులు తీరేవి. పోయినేడు మనుషుల కంటే సీగల్ పక్షులు ఎక్కువ వచ్చాయి. అవి కూడా సాసేజీల కోసం." కాస్త ఆగి, బోసి చక్రం వైపు చూశాడు. "సంతే లేకపోతే దాని మూత నేనెక్కడ వెతకను?"

నాకు ఆ మాటల్లో మిగతావేవీ వినపడలేదు. ఉన్నది ఇచ్చి కావలసినది పట్టుకుపోవడం అనగానే తణుకులో మా అమ్మ గుర్తొచ్చింది. నెత్తిన గంప, గంపలో స్టీలు సామాన్లు పెట్టుకుని ఒకావిడ వచ్చేది. అమ్మ అరుగు మీద పాత చీరల మూట విప్పేది. జరీ ఉంటే బేసిను, లేకపోతే గిన్నె, మరీ చిరుగుంటే గ్లాసు. ఇద్దరూ జీవితంలో మళ్ళీ మొహం చూసుకోనంతగా వాదించుకుని, ఆఖరున మజ్జిగ తాగి విడిపోయేవాళ్ళు. ఈ దేశం వచ్చేటప్పుడు సూట్‌కేసులో బరువెక్కువైందని మా అమ్మ ఇచ్చిన స్టీలు పళ్ళేలన్నీ విమానాశ్రయంలోనే తీసేసి ఏడుస్తూ వచ్చినదాన్ని. నా సంగతేమిటి, ఇక్కడున్న ప్రతి తెలుగింటావిడదీ అదే ఏడుపు. అందుకే, "జనం సంగతి నాకు వదిలెయ్యండంకుల్," అనేశాను.

ఆ సాయంత్రం నుంచి ఫోను నా చెవికి అతుక్కుపోయింది. మొదట కంప్యూటరక్కకి చేశాను (మొగుడూ పెళ్ళాం ఇద్దరిదీ కంప్యూటర్ ఉద్యోగమే, అందుకని ఆ పేరు).

"పాతబట్టలకి సామాన్లా? ఈ దేశంలోనా? నీకెవరు చెప్పారే?"

"పక్కింటాయన స్వయంగా చెప్పాడక్కా. సంత నడిపేది ఆయనే."

"అయితే మా అత్తగారు వదిలేసి వెళ్ళిన వాయిల్ చీరలున్నాయి. బీరువా ఖాళీ అవుతుంది."

తరవాత ఫిజీ ఆంటీ. వాళ్ళ తాతలు చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆవిడ తెలుగులో సగం హిందీ, సగం నవ్వు. "ఛలో, నేనూ వస్తా బిడ్డా, మా ముసలాయన పంచెలు మూట కడతా," అంది. ఒకరి నుంచి ఒకరికి పాకి, చివరికి వెల్లింగ్టన్‌లో ఉన్న ఒకావిడ కూడా బస్సులో మూట పంపమంటావా అని అడిగింది. మావారు మాత్రం, "పాత కార్ల సంతలో గిన్నెలేమిటే?" అన్నారు. "మీకు వెల్డింగ్ తెలుసు, బేరం నాకు తెలుసు," అన్నాను.

ఆ ఆదివారం మైదానం గేటు దగ్గర అంకుల్ టై కట్టుకుని నిలబడ్డాడు. ఒకదాని వెనక ఒకటి మా వాళ్ళ కార్లు వస్తుంటే, చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు మూటలతో దిగుతుంటే, ఆయన ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఊపుతూ, "వచ్చారు, వచ్చారు," అంటున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నది కూడా కారు తుడిచే గుడ్డతోనే. నేను కొంగు నడుముకి చెక్కి, దండుకి నాయకురాలిలా ముందు నడిచి, సంతవైపు తిరిగాను. తిరిగి, అక్కడే నిలబడిపోయాను.

దుప్పట్ల మీద ఉన్నదంతా తుప్పు. తుప్పు పట్టిన గొట్టాలు, తుప్పు పట్టిన స్ప్రింగులు, పళ్ళూడిన చక్రాలు, తెగిన బెల్టులు. ప్రతి దుప్పటి వెనకా మడత కుర్చీలో ఒక ముసలాయన, దుప్పటి మీది సరుకుకి సొంత అన్నలా.

"గిన్నెలేవే?" అంది కంప్యూటరక్క చల్లగా.

"లోపలికి ఉంటాయేమో అక్కా."

"నేను మా అత్తగారి వాయిల్ చీరలు మోసుకొచ్చింది ఈ గొట్టాల కోసమా? పొద్దున్నే లేచి పులిహోర కలిపి మరీ వచ్చాను. నడవండి, పోదాం."

వెనకాల మూటలన్నీ గేటువైపు తిరిగాయి. గేటు దగ్గర అంకుల్ ఇంకా చేతులు ఊపుతూనే ఉన్నాడు. వీళ్ళు ఇలా వచ్చి అలా పోతే ఆయన మొహం ఎలా చూడను? అప్పుడు పడింది నా కంట ఒక దుప్పటి. దాని నిండా గుండ్రటి మెరుపులు. వీల్ క్యాపులు, అవే, చక్రం మూతలు. అవి చక్రం మూతలని నాకు తెలియక కాదు. కారుకి ఉన్నప్పుడు చక్రం మూత, దుప్పటి మీద ఉన్నప్పుడు అచ్చం అంచు పళ్ళెం. ఒకదాని మీద వేలితో కొట్టాను. ఖణీమంది. మా అమ్మ ప్రాణం నాలోకి దూకింది.

అక్కడే గడ్డిలో గొంతుక్కూర్చుని మూట విప్పాను. ఆ దుప్పటాయన గడ్డం బొడ్డుదాకా ఉంది. ఆయన నా పాత నేత చీర ఒకటి తీసి బుగ్గకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పక్క కుర్చీ ఆయన్ని పిలిచాడు. "దీన్ని ముట్టుకో. దీంతో తుడిస్తే రంగు మీద గీత పడుతుందా?" పక్కాయన ముట్టుకున్నాడు. ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలుగుడ్డ ఈ దేశంలో దొరకదని, కారు తుడిచేవాళ్ళకి అది బంగారమని నాకేం తెలుసు? ఆయన ఒక మూత చూపించి, చీర తీసుకోబోయాడు. నేను తల అడ్డంగా ఊపాను. రెండు మూతలన్నాను. ఆయన ఒకటే అన్నాడు. నేను మూట కట్టుకుని లేచి, విసురుగా నడిచాను. మా అమ్మ అలాగే చేసేది, గంపావిడ వీధి మలుపు దాకా పోనిచ్చి వెనక్కి పిలిచేది. నేను నడుస్తున్నాను. ఎవరూ పిలవలేదు. ఇంకాస్త నెమ్మదిగా నడిచాను. పిలవలేదు. తిరిగి చూస్తే ఆయన ఎంతో మర్యాదగా చెయ్యి ఊపి వీడ్కోలు చెబుతున్నాడు. (ఈ దేశంలో వద్దని వెళితే వద్దనే అర్థమట.) చేసేదేముంది, పిన్నీసు పడిపోయినట్టు గడ్డిలో వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, మళ్ళీ ఆయన దుప్పటి దాకా వచ్చి, ఉన్నవాటిలో అన్నిటికంటే జిడ్డోడుతున్న ఒక మూతకి ఒప్పుకున్నాను.

ఇక చూడండి. మోకాళ్ళ నొప్పుల ముసలాళ్ళందరూ కుర్చీల్లోంచి లేచారు. అంతకుముందు అలా ఎప్పుడు లేచారో వాళ్ళకే గుర్తులేదట. మా ఆడవాళ్ళు వరసగా గడ్డిలో కూర్చుని మూటలు విప్పితే మైదానం మా ఊరి శుక్రవారం సంతైపోయింది. కంప్యూటరక్క ఒక్కో వాయిల్ చీరకీ ఒక్కో మూత పుచ్చుకుంటూ, "ఇది దోసెలకి, ఇది అప్పడాలకి," అని పేర్లు పెట్టుకుంది. ఫిజీ ఆంటీ రబ్బరు బుడ్డి ఉన్న ఇత్తడి హారన్ సంపాదించి, ముసలాయన్ని భోజనానికి పిలవడానికట, మైదానమంతా పాంపాంమని తిరిగింది. ఆ గోలకి రోడ్డు మీద పోయేవాళ్ళు కార్లు ఆపి లోపలికి వచ్చారు. సీగల్స్ కూడా వచ్చాయి, కానీ వాటికి నిలబడే చోటు లేదు.

ఈ లోపల మావారు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ ఎర్ర కారు మీద ఉన్నది నా లుంగీ కదూ?" అన్నారు. చూశాను. ఆయన పడుకునేటప్పుడు కట్టుకునే గళ్ళ లుంగీయే, కారు ముందు భాగమంతా పరిచి ఒకాయన ప్రేమగా తుడుస్తున్నాడు. హడావిడిలో మూటలోకి వచ్చేసినట్టుంది. మావారు వెళ్ళి అడిగితే ఆయన, "నా దగ్గరికి ఇంత మంచి గుడ్డ ఇంతవరకు రాలేదు, బదులేమిస్తావు?" అన్నాడట. మావారి మధ్యాహ్నం పులిహోర డబ్బా అక్కడే పోయింది. ఆ రోజు ఆయన ఆకలితోనూ, లుంగీతోనూ ఇంటికి వచ్చారు.

మైదానం వాళ్ళు ఆ జనాన్ని చూసి వచ్చే ఏడు కూడా సంత పెట్టుకోమన్నారు. అంకుల్ సంబరానికి అంతులేదు. కానీ గేటు దగ్గర చేతులు ఊపడంతోనే పొద్దు గడిచిపోయి, ఆ ఏడు ఆయన ఒక్క దుప్పటి కూడా చూడలేకపోయాడు. "పర్లేదు డియర్, వచ్చే ఏడు వెతుకుతాను," అన్నాడు.

ఉగాది వచ్చింది. నా మూతని చింతపండు పెట్టి జిడ్డంతా పోయేదాకా తోమితే అద్దంలా తేలింది. మధ్యలో ఏదో ముద్ర కూడా బయటపడింది, పువ్వేమో అనుకున్నాను. దాన్నిండా బొబ్బట్లు పేర్చి, నెయ్యి పోసి పక్కింటికి పట్టుకెళ్ళాను. అంకుల్ ఒకటి తిన్నాడు, రెండోది తిన్నాడు, మూడోది ఎత్తాడు, దాని కింద ముద్ర కనపడింది. ఎత్తిన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"ఏమైంది, పన్ను ఊడిందా?" అంది ఆంటీ.

ఆయన మిగిలిన బొబ్బట్లన్నీ ఆంటీ ఒళ్ళోకి వంపేసి, మూత పట్టుకుని షెడ్డులోకి పోయాడు. వెనకాలే పరిగెత్తాం. బోసి చక్రానికి ఆనించి అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే టక్కుమని కూర్చుంది. నెయ్యి కారుతూ నాలుగో మూత. ఆయన నేల మీదే కూర్చుండిపోయాడు. తరవాత దాన్ని ఊడదీసి, తుడిచి, నా చేతిలో పెట్టి, "ఇది నీది. నాకిస్తావా?" అన్నాడు.

ఊరికే ఇచ్చేద్దామనే ఉంది నాకు. కానీ నాలోని మా అమ్మ ఊరుకుంటేనా?

"సంత పద్ధతి సంత పద్ధతే అంకుల్. ఏమిస్తారు?"

చెట్టు నిమ్మకాయలన్నాడు. ఆంటీ చేసిన ప్లమ్ జామన్నాడు. నేను తల అడ్డంగా ఊపి, మూత చంకలో పెట్టుకుని కంచెవైపు నడిచాను. ఈ దేశంలో వెనక్కి పిలవరని తెలిసీ నడిచాను. ఇంకో నాలుగడుగులు వేస్తే మా పెరడు, మళ్ళీ పిన్నీసు వెతుక్కోవాలి.

"రా, వెనక్కి రా డియర్," అని వినపడింది. "నీకేం కావాలో నువ్వే చెప్పు."

"ఈ కారు నడపడం నేర్పండి."

"పెళ్ళయినప్పటినుంచి నన్ను ఆ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు ఈయన," అని ఆంటీ ఒళ్ళోని బొబ్బట్లు కింద పడేలా నవ్వింది.

ముట్టుకోనిచ్చాడు. నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన తన పంటినే పీకినట్టు మొహం పెట్టేవాడు, అయినా నేర్పాడు. ఆ తరవాత కొన్నేళ్ళు సంత బాగానే సాగింది, మా వాళ్ళు పాతబట్టలు దాని కోసమే దాచేవాళ్ళు. కానీ మడత కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, చివరికి అంకుల్ కుర్చీ కూడా. ఇప్పుడు ఆ మైదానంలో ఇళ్ళు లేచాయి. నేను చప్పుడు చెయ్యని కారులో ఆ వీధినే వెళుతుంటాను. ఒక్కోసారి కంచె దగ్గర బట్టలు తీసుకుని వెనుదిరిగినప్పుడు, అలవాటుగా నాలుగడుగులు నెమ్మదిగా వేస్తాను, మూత చంకలో పెట్టుకుని బింకంగా నడిచిన ఆ పిల్లని తలుచుకుని నవ్వుకుంటూ లోపలికి పోతాను.

చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, లేవండి ఇక. మీ బండికి నాలుగు మూతలూ నిలవాలి, మీ పళ్ళేలు ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీరు అలిగి నాలుగడుగులు వేస్తే, వెనక్కి రమ్మని పిలిచే గొంతు మీ ఇంట్లో ఎల్లకాలం ఉండాలి.