కెటిల్ కడిగిన ఉదయం

2005లో నేను దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని ఒక ఆహార కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ అధికారిగా ఉన్నాను. మా ఖర్జూరపు పాకాన్ని యూరప్‌లోని యూదు వ్యాపారులు కొనాలంటే, అది వాళ్ల ఆహార నియమాల ప్రకారమే తయారైందని ఒక పండితుడు ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పని మీద వచ్చారు యాకోబ్ గారు. డెబ్బై ఏళ్ల మనిషి, తాల్ముద్ అనే యూదు ధర్మశాస్త్రంలో దిట్ట. పొద్దున పాఠం చెప్పడం, మధ్యాహ్నం జనం తెచ్చే సందేహాలు తీర్చడం ఆయన జీవితమంతా చేసిన పని. మా క్యాంటీన్‌లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. కాకినాడ సండే స్కూల్లో బైబిల్ చదువుకున్నవాణ్ణి కాబట్టి వాళ్ల ధర్మం నాకు కొట్టినపిండి అనుకున్నాను. పది నిమిషాల్లో ఆ గర్వం దిగిపోయింది.

పాకం కాచే పెద్ద గంగాళం లాంటి ఆవిరి కెటిల్‌లో అంతకుముందు జంతువుల ఎముకల నుంచి తీసిన, వాళ్లకు నిషిద్ధమైన జెలటిన్ ఉడికించేవాళ్లం. ఆయన చెప్పిన ప్రకారం దాన్ని శుద్ధి చెయ్యాలంటే, కడిగాక ఇరవై నాలుగు గంటలు వేడి తగలకుండా ఖాళీగా ఉంచాలి. ఆ తరువాత అంచుదాకా నీళ్లు నింపి, పొర్లిపోయేలా ఆయన కళ్లముందే మరిగించాలి. మంగళవారం పొద్దున పదింటికి కెటిల్ ఆపించాను. బుధవారం పదింటికి, గడువు పూర్తయిందని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి చూపించాను.

ఆయన దాన్ని చదివి పక్కన పెట్టి, కెటిల్ ఆపరేటర్‌ని పిలవమన్నారు. నిజామాబాద్ వైపు పల్లె నుంచి ఎనిమిది నెలల కిందటే వచ్చిన గంగారాం అతను. నిన్నటి నుంచి దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అన్నది ఆయన ప్రశ్న. నేను తెలుగులో అడిగాను.

"ముట్టిన సార్. పెద్దమనిషి వస్తుండు గదా అని పొద్దుగాల ఆరింటికి వేడినీళ్లతోని మంచిగ కడిగిన."

కంటెయినర్ మర్నాడే ఓడ ఎక్కాలి. లాగ్‌బుక్‌లో ఉన్నది నా సంతకం. ఆ గదిలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. "ఆ మాట చెబితే నీ ఉద్యోగం పోతుంది, ఊరుకో" అన్నాను మెల్లగా.

గంగారాం తల అడ్డంగా ఊపాడు. "అడిగిండు గద సార్. అబద్ధమెట్ల చెప్త?" అని, గొట్టం వైపు చెయ్యి చూపించి, "మార్నింగ్, హాట్ వాటర్" అన్నాడు ఆయనతో. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మా ముదీర్, అంటే మేనేజర్, భగ్గుమన్నాడు. ఖలాస్, ఇతని వీసా క్యాన్సిల్ చేయించండి అని నాకు హుకుం జారీ చేశాడు.

యాకోబ్ గారు చెయ్యెత్తి ఆపారు. వేడినీళ్లు పడ్డాయి కాబట్టి లెక్క ఆరింటి నుంచి మళ్లీ మొదలవుతుందని, గురువారం దాకా తాను ఉంటానని చెప్పారు. తరువాత ముదీర్ వైపు తిరిగి, "ఏడాదిలో నేనిక్కడ ఉండేది రెండు రోజులు. మిగతా రోజులు ఎవరో ఒకరి మాట నమ్మాలి. ఇతన్ని పంపేస్తే నేను ఎవర్ని అడగాలి?" అన్నారు.

గురువారం కెటిల్ పొర్లింది. కంటెయినర్ తరువాతి ఓడలో వెళ్లింది. కెటిల్ తాళంచెవి గంగారాం దగ్గరే ఉండాలని ఆయన ధ్రువపత్రంలో షరతు రాశారు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నా కళ్లతో చూడకుండా ఏ లాగ్‌బుక్‌లోనూ సంతకం పెట్టలేదు. చేసిన తప్పు తనంతట తాను వచ్చి చెప్పినవాడికి మెమో ఇవ్వలేదు.