సిలిండర్ కింద బల్ల

ఆ రోజుల్లో అంటే మరీ తాతల నాటి మాట కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అప్పుడే ఊరి బయటికి తరలిపోయింది. లారీలతో కిక్కిరిసి ఉండే ఆ చుట్టుపక్కల సందులు ఒక్కసారిగా ఖాళీ అయిపోయి, మాలాంటి ఇంటర్ కుర్రాళ్ల కోసమే సిమెంటు వేయించినట్టు కనిపించేవి. మాలాంటి అన్నాను గానీ, అక్కడ స్కేట్‌బోర్డు ఎక్కేది, వేగం చూసి మేం తూఫాన్ అని పేరు పెట్టిన నా స్నేహితుడు ఒక్కడే. నేను వాడి బ్యాగు పట్టుకుని సందు మొదట్లో నిలబడి "బండొస్తోందిరా" అని అరిచే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. (ఒకసారి నేనూ ఎక్కాను. ఎంతసేపు నిలబడ్డానో ఇక్కడ అప్రస్తుతం.) వాడిది మూసారాంబాగ్‌లో ఒంటిగది కిరాయి ఇల్లు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాళ్లు, ఆదివారం చర్చి తప్పనివాళ్లు. మాది ఎల్బీనగర్. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లం, ఆదివారం కోచింగ్ టెస్టు మార్కుల మీద చర్చ తప్పనివాళ్లం. అందుకే వాడు నన్ను 'ర్యాంకు' అని పిలిచేవాడు.

ఆ స్కేట్‌బోర్డును మేం 'బల్ల' అనేవాళ్లం. ఇంకో టైల్ పగిలితే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని వాళ్ల ఓనరు చెప్పేశాడు కాబట్టి, అది మా ఇంట్లో నా మంచం కింద ఉండేది. మా నాన్నకు ఆ సంగతి తెలియదు. తూఫాన్ మా ఇంటికి లెక్కలు చెప్పించుకోవడానికి వస్తాడని ఆయన నమ్మకం. ఎంట్రన్సు అయ్యేదాకా ఆట అన్న మాట మా ఇంట్లో వినపడకూడదు. వాడు చక్రాల మీద తిరిగే మనిషని తెలిస్తే మా స్నేహం ఆ పూటతో సరి.

ఇలా ఉండగా ఒకరోజు మా సందులోకి సినిమావాళ్ల మనిషొకడు వచ్చి, తూఫాన్ వేగం చూసి నిలబడిపోయాడు. హీరో చిన్నప్పటి సీను ఒకటుందట. "సండే పది గంటలకు అబ్దుల్లాపూర్‌మెట్ రా తమ్మీ. నీ బోర్డు నువ్వే తెచ్చుకో" అన్నాడు. ఆ రాత్రి నుంచి నిద్రపట్టనిది వాడికి కాదు, నాకు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి మా అమ్మ నా గది ఊడుస్తూ చీపురు మంచం కిందికి పోనిచ్చింది. బల్ల గడగడా దొర్లుకుంటూ వెళ్లి, హాల్లో పేపరు చదువుతున్న నాన్న కాలి దగ్గర ఆగింది.

"ఏంట్రా ఇది?" అన్నాడు నాన్న.

సరిగ్గా వారం కిందట మా గ్యాస్ సిలిండర్ స్టాండు చక్రం విరిగింది. ఆ సంగతి నాకు ఆ క్షణంలో ఎందుకు గుర్తుకు రావాలి? "సిలిండర్ స్టాండు నాన్నా. అమ్మ ఇబ్బంది పడుతోందని తెచ్చాను" అన్నాను.

"మరీ ఇంత పొడుగేంటి?"

"కొత్త మోడల్ నాన్నా."

పుట్టి బుద్ధెరిగి నేను ఇంట్లోకి పనికొచ్చే వస్తువు తేవడం అదే మొదలు. అమ్మ కళ్లు చెమర్చాయి. కొత్త వస్తువు కదా అని నాలుగు చక్రాలకూ పసుపు రాసి, మధ్యలో బొట్టు పెట్టింది. నాన్న నిండు సిలిండర్‌ని ఎత్తి దాని మీద పెట్టి, "ఊగుతోందే" అని నైలాన్ తాడుతో గట్టిగా బిగించి కట్టాడు. (ఆయన ముడి వేస్తే విప్పడం దేవుడి తరం కాదని మా బంధువుల్లో పేరు.) తర్వాత అమ్మ స్టవ్ వెలిగించింది. నేను తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉండిపోయాను.

ఎనిమిదిన్నరకి తూఫాన్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల మీద మెరిసే నూనె. "అమ్మ ప్రార్థన చేసి పంపింది రా. చర్చి ఎగ్గొట్టుడు ఇదే ఫస్ట్ సారి. బల్ల ఏది?" అని నా చెవిలో అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "రా బాబూ, పెసరట్టు తిందువుగాని. ఇదిగో చూడు, మావాడు ఏం తెచ్చాడో."

వాడు చూశాడు. సిలిండర్ కింద, పసుపు పూసుకుని, తాళ్ల మధ్య తన బల్ల. తర్వాత నా వైపు చూశాడు. నాన్న నా పక్కనే ఉన్నాడు. "స్టాండు కాదు" అంటే చాలు. నేను ప్లేటు వైపు చూశాను.

"స్టాండ్ మంచిగున్నది ఆంటీ" అన్నాడు తూఫాన్.

"ఏంటి బాబూ, పొద్దున్నే వచ్చావు?" అని అడిగాడు నాన్న.

"ఊకెనే అంకుల్. గిట్ల పోతూ పోతూ ఒచ్చిన."

చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వాడు మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కూడా నేను కదల్లేదు. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. చివరికి అమ్మ ప్లేట్లు తీస్తూ, "అదేంటి, ఆ పిల్లాడు పెసరట్టు సగం వదిలేశాడు" అంది. తూఫాన్ మా ఇంట్లో పెసరట్టు ముక్క కూడా మిగల్చడు, నా ప్లేట్లోది కూడా వాడే తినేవాడు. 

"నాన్నా, అది స్టాండు కాదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను.

నాన్న లేచి వంటింట్లోకి నడిచాడు. స్టవ్ ఆపి, రెగ్యులేటర్ తీసి, ముడి విప్పడానికి కూర్చున్నాడు. ఆయన ముడి ఆయనకే రాలేదు. పావుగంట చూసి అమ్మే కూరగాయల కత్తితో తాడు తెగ్గోసింది. "ముందు పరిగెత్తు. నీ సంగతి వచ్చాక చూస్తా" అన్నాడు నాన్న.

ఎల్బీనగర్‌లో ఎక్కిన బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది, స్టాపు లేని చోట కూడా ఆగింది. బల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ప్యాంటంతా పసుపు. నేను దిగి పరిగెత్తేసరికి పదకొండు దాటింది, కెమెరాలు పెట్టెల్లోకి వెళ్లిపోతున్నాయి. తూఫాన్‌కి అక్కడివాళ్లు ఎవరిదో బోర్డు ఇచ్చారట. అలవాటు లేక రెండుసార్లు పడ్డాడట. మూడోసారి ఇంకో కుర్రాణ్ణి పెట్టి సీను కానిచ్చేశారు. వాడు రోడ్డు వారన మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

నన్ను చూసి చొక్కాకంటిన దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత, "స్టాండు కాదు అంటే రెండు మాటలు గదరా" అన్నాడు.

"చెప్పాను. నువ్వెళ్లాక."

"మీ నాయిన ఏమన్నడు?"

"వచ్చాక చూస్తానన్నాడు."

"అయితే నీ పని అయిపోయింది" అని, బల్ల తీసుకుని దాని మీది బొట్టు కాసేపు చూశాడు. తుడుస్తాడనుకున్నాను, తుడవలేదు. "జర పక్కకు జరుగు" అని లేచి ఎక్కాడు. సినిమావాళ్లు వెళ్లిపోయాక ఎండలో ఖాళీగా ఉన్న ఆ రోడ్డు మీద వాడు ఆ చివరిదాకా వెళ్లి, గాలిలోకి ఎగిరి, బల్ల కాలికి అంటుకున్నట్టే దిగి, నవ్వుతూ వెనక్కి వచ్చాడు. అంత బాగా వాడు చేయడం నేను మళ్లీ చూడలేదు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

(ఇంటికి వెళ్లాక నా సంగతి నాన్న చూశాడు. వివరాలు అనవసరం. తూఫాన్‌ని మాత్రం రావద్దని అనలేదు.) వాడు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో బైక్ మెకానిక్. మరుసటేడు కొత్త బల్ల కొనుక్కుని, పాతది తెచ్చి తనే సిలిండర్ కింద పెట్టాడు. "మీ స్టాండ్ మీకే ఆంటీ" అన్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. అమ్మ కాలితో దాన్ని ముందుకు లాగినప్పుడల్లా ఆ గడగడ వినిపిస్తుంది. నేను పక్కకు తప్పుకుని "బండొస్తోందిరా" అంటాను. ఆ ఉద్యోగం, ఒక్క ఆదివారం తప్ప, నేనెప్పుడూ సరిగ్గానే చేశాను.