ఒక్క పండుగకు రెండు విందులు

దావత్‌కు పిలిచి పైసలు అడిగే మనిషిని నేను మొదటిసారి చూసింది మా దుకాణంలోనే. ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం మాది. మాది అంటే సేటుది. నేను అందులో కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూస్తాను. పెళ్లికి ముందు చేరినదాన్ని, ఇప్పుడు నా కూతురు డిగ్రీ చదువుతోంది. అన్నేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నాక మాది అనకుండా ఉండలేను. వేరే వాళ్ల దుకాణమని అనుకుని ఉంటే ఇంత మంట పుట్టేది కాదేమో.

పెద్ద సేటు కూర్చున్నన్నాళ్లూ ఏటా దసరాకు హమాలీలకు మేకనో గొర్రెనో ఒక యాటను ఇప్పించేవాడు. ఆయన ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి. గోదాము వెనక వాళ్లు యాటను కోసుకుని వండుకుంటుంటే, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి, "అందరికి అందిందా? ఆడోళ్లకు ఇంటికి కట్టిచ్చిండ్రా?" అని కేకేసి అడిగేవాడు. ఆ వాసన ఆయనకు పడదు. అయినా ఖర్చు ఆయనదే, ఎందుకంటే పిలిచింది ఆయన. మా వైపు ఇందులో వాదించడానికేమీ లేదు. పిలిచినవాడు పెడతాడు, వచ్చినవాడు తిని, ఇంట్లో పిల్లలకు ఇంత కట్టించుకుని పోతాడు.

మోకాళ్ల నొప్పులతో ఆయన ఇంటిపట్టున ఉండి, కొడుకు ఆ గద్దె మీదికి వచ్చాక యాట ఆగిపోయింది. చిన్న సేటు హైదరాబాద్‌లో ఎంబీఏ చదివి, కొన్నాళ్లు అక్కడే ఏదో పెద్ద ఆఫీసులో పనిచేసి వచ్చాడు. చెడ్డవాడని అనలేను. నవ్వుతూ మాట్లాడతాడు, జీతం ఆలస్యం చేయడు. కానీ ఒక్కసారి బుర్రలోకి ఏదైనా ఎక్కిందంటే దించడం ఎవరి తరమూ కాదు. పోయిన డిసెంబరులో ఎక్కింది క్రిస్మస్ పార్టీ.

"ఆంటీ, ఈసారి మనం స్టాఫ్ అందరం కలిసి క్రిస్మస్ పార్టీ చేసుకుందాం. పెర్కిట్ దాటినంక హైవే మీద కొత్త హోటల్ పడ్డది గదా, గక్కడ. ఇరవై ఐదునాడు మార్కెట్ ఎట్లాగూ బందే" అన్నాడు.

నాకు సంతోషమే వేసింది. దసరా పోతే పోయింది, పేరేదైనా దావత్ తిరిగి వస్తోంది కదా అనుకున్నాను. ఆ సంతోషం ఆయన రెండో మాట వరకే. "అందరి దగ్గర ఒక రోజు కూలి కాంట్రిబ్యూషన్ కట్ చేయండి. అందరు కడితేనే ఇది మనందరిది అనిపిస్తది. ఓనర్‌షిప్ ఫీలింగ్ ఉంటది."

ఫీలింగ్ మాకు, ఓనర్‌షిప్ ఆయనకు. ఇది నోటి దాకా వచ్చింది, మింగేశాను. "సేటు, దావత్ అంటే మీరు పెట్టుకుంటేనే బాగుంటది" అని మాత్రం అన్నాను. "దావత్ కాదు ఆంటీ, పార్టీ" అని నవ్వి ఫోన్ చూసుకోసాగాడు.

కబురు గోదాములోకి వెళ్లేసరికి హమాలీల పెద్ద నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు, నేనే ఆ పార్టీ కనిపెట్టినట్టు. "మేడం, బువ్వకు పిలిచి పైసలు అడుగుడేంది? గిదెక్కడి రివాజు? మేము రామంటే?"

"రాకపోయినా కట్ అయితదట."

"అరె! తినకున్నా పైసలేనా?" అని ఆయన అటూ ఇటూ చూసి, చివరికి నన్నే కోపంగా చూసి వెళ్లిపోయాడు. ఆయన చూపులో తప్పేమీ లేదు. కానీ పడవలసినవాడు ఏసీ గదిలో ఉన్నాడు, పడింది నా మీద.

ఇదంతా ఒక ఎత్తు. మర్నాడు మధ్యాహ్నం పసుపు ఏరే అక్క వచ్చింది. గోదాములో పొడవాటి పసుపు కొమ్ములను, గుండ్రటి మండలను వేరు చేసే ఆడవాళ్లలో పాత మనిషి ఆమె. జక్రాన్‌పల్లి దగ్గరి ఊరి నుంచి రోజూ బస్సులో వస్తుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా దుకాణంలో క్రిస్మస్ నిజంగా చేసుకునే మనిషి ఆమె ఒక్కతే.

"చెల్లె, ఇరవై ఐదునాడు నేను రానని సేటుకు చెప్పు. పైసలు కట్ చేసుకుంటే చేసుకోమను. నన్ను మాత్రం ఇడిసిపెట్టుమను" అంది.

ఎందుకని అడిగితే చెప్పింది. వాళ్ల ఊరి చర్చిలో క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక అందరూ కూర్చుని తింటారు. ప్రేమ విందు అంటారు దాన్ని. అందులో చందాలుండవు. ఏడాదికి ఒక్క ఇల్లు ఆ విందు పెడుతుంది, పెట్టే ఇంటి మనిషి ప్రతి విస్తరిలోనూ మొదటి గంటె అన్నం తన చేత్తో వేయాలి. పెద్ద కుటుంబాల వాళ్లు ముందే అడిగి పెట్టుకుంటారు గనుక ఈమెకు వంతు దొరకడానికి ఏళ్లు పట్టింది. ఈ ఏడాది విందు ఆమెది, ఖర్చంతా ఆమెదే.

"నాకు కడుపుల ఆపరేషన్ అయినప్పుడు ఇంట్ల మంచినీళ్లిచ్చే దిక్కు లేకుండె. గా చర్చి ఆడోళ్లే వంతులేసుకొని అన్నం తెచ్చిండ్రు. ఒక ముసలవ్వ అయితే ముద్దలు జేసి నోట్ల పెట్టింది చెల్లె. ఇప్పుడు గామెకు కండ్లు సరిగ కనవడుతలేవు. నా చేతి అన్నం వాళ్లకు ఒక్క పూట పెట్టాలె. గంతే నా కోరిక."

దీన్ని నేను చిన్న సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరైనా మనిషైతే ఏమంటాడు? పోయిరమ్మంటాడు. ఈయన కుర్చీలోంచి సగం లేచాడు. "ఏందీ! మన దాంట్ల క్రిస్టియన్ ఉన్నదా? మస్తుంది ఆంటీ! కేక్ ఆమెతోనే కోపిద్దాం. అసలు చీఫ్ గెస్ట్ ఆమెనే!"

"సేటు, ఆమెకు ఆ రోజు చర్చిల పనున్నది అంటున్న."

"పదకొండుకు స్టార్ట్ చేస్తాం. కేక్ కోసి ఆమె వెళ్లిపోవచ్చు. క్రిస్మస్ పార్టీల క్రిస్టియన్ లేకపోతే ఎట్ల చెప్పండి?"

నేను ఇంకోలా చెప్పి చూశాను. మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజున మిమ్మల్ని పీటల మీంచి లేపి, ఇంకెక్కడో కొబ్బరికాయ కొట్టడానికి రమ్మంటే వస్తారా అని కూడా అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. ఆమెకు గౌరవం ఇస్తుంటే మీరెందుకు అడ్డుపడుతున్నారు అన్నాడు. నొచ్చుకున్న యజమానిని బతిమాలడం ఉంది చూశారూ, అంత చేతకాని పని ఇంకోటి లేదు.

ఆమె రాకుండా ఉండవచ్చు కదా అని ఇంట్లో మా ఆయన అన్నాడు. అనడానికి తేలికే. ఫిబ్రవరిలో కొత్త పసుపు వస్తుంది. ఈసారి ఏరడానికి మెషిన్ పెడతాడనీ, ఆడవాళ్లలో సగం మందినే పిలుస్తాడనీ గోదామంతా గుసగుసలు. అలాంటప్పుడు చీఫ్ గెస్ట్‌వి నువ్వే అన్నవాడికి రానని చెప్పే ధైర్యం నాకైనా ఉండేదో లేదో. "ఒక గంటనే గదా చెల్లె, పోయొస్త" అని ఆమే నన్ను ఊరడించింది.

పండుగ రోజు పొద్దున ఆరాధన మధ్యలోంచి లేచి వచ్చేసింది ఆమె. తెల్ల చీర కొత్తది, మడతలు ఇంకా విడలేదు. హోటల్‌లో మేమందరం ఉన్నాం. హమాలీలు వరుసగా కుర్చీల అంచు మీద కూర్చున్నారు. హోటల్ కుర్రాళ్లు ఎర్ర టోపీలు పంచితే, తలకు చుట్టిన రుమాలు విప్పడం ఇష్టం లేని హమాలీల పెద్ద రుమాలు మీదే టోపీ పెట్టుకున్నాడు. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

పదకొండయింది, పన్నెండయింది. కేక్ నిజామాబాద్ నుంచి రావాలట. కేక్ లేకుండా మొదలుపెట్టేది లేదట. ఆ వెనక ఫోటోగ్రాఫర్ రావాలి. ఆమె టోపీ చేతిలో పట్టుకుని తలుపు వైపే చూస్తోంది. "ఇప్పుడు పాస్టరయ్యగారు వాక్యం చెప్పుడు ముగించి ఉంటడు" అంది ఒకసారి. కొంతసేపటికి, "ఇప్పుడు విస్తర్లు ఏస్తుంటరు" అంది. నేను రెండుసార్లు వెళ్లి సేటును అడిగాను. రెండుసార్లూ, "ఫైవ్ మినిట్స్ ఆంటీ" అన్నాడు. మూడోసారి వెళితే నా నోరు అదుపు తప్పుతుందని వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సింది.

కేక్ వచ్చింది. ఆమె నెత్తిన టోపీ పెట్టారు, చేతికి కత్తి ఇచ్చారు. ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు. సరిగా రాలేదని ఇంకోసారి నవ్వమన్నాడు. చిన్న సేటు ఆమె పక్కన నిలబడి, "మనమంతా ఒక ఫ్యామిలీ" అని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ఫ్యామిలీలో ఒకాయన ప్లేటులోని బిర్యానీని ఇంటికని కవర్లో వేసుకోబోతే హోటల్ మనిషి వచ్చి ఆపాడు. సేటు కూడా, "బఫేల పార్సల్ ఉండదు" అన్నాడు. తన ఒక రోజు కూలి పెట్టి కొన్న అన్నాన్ని తన పిల్లలకు పట్టుకుపోవడానికి వీల్లేదు! ఒళ్లు మండిపోయింది. నా ప్లేటు అక్కడే పెట్టేసి స్కూటీ తాళాలు తీసుకున్నాను. కేక్ ముక్క కూడా ముట్టకుండా తలుపు దగ్గర నిలబడి ఉన్న ఆమెతో, "పద అక్కా" అన్నాను.

జక్రాన్‌పల్లి దాకా హైవే మీద బండిని నేను అంత వేగంగా ఎన్నడూ నడపలేదు. వెనక ఆమె కొంగు ఎగరకుండా పట్టుకుని కూర్చుంది. నేనే దారంతా తిట్టాను, సేటును, కేక్‌ను, ముందర అడ్డమొచ్చిన లారీలను.

చర్చి ముందు షామియానా కింద అప్పటికే విస్తర్లు ఎత్తేస్తున్నారు. మొగవాళ్లు గుండిగలు కడుగుతున్నారు. పాస్టరమ్మ ఎదురొచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "మస్తు సేపు చూసినం అక్కా. పసిపోరలు ఆకలికి ఏడ్వవట్టిండ్రు. ఇగ ఆగలేక నేనే వడ్డించిన" అంది. తప్పు తనదే అయినట్టు చెప్పింది. తప్పు ఆమెది కాదు. తప్పు చేసినవాడు అక్కడ ఐస్‌క్రీమ్ తింటున్నాడు.

"మంచి పని జేసినవమ్మా" అంది అక్క. "అందరు తిన్నరా?"

"అందరు తిన్నరు. నీకు ఒక విస్తరి తీసిపెట్టిన."

మూత పెట్టిన విస్తరి తెచ్చిచ్చారు. అన్నం, పప్పు, కూర, కొంచెం సేమ్యా. మొత్తం విందులో మిగిలింది అదే. ఆమె దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూసింది. గోడ పక్కన చాప మీద ఆ ముసలవ్వ కూర్చుని ఉంది. అక్క చేయి కడుక్కుని వెళ్లి, ఆమె ముందు చతికిలబడి, ముద్ద కలిపింది.

"అవ్వా, నేనే. నోరు తెరువు."

"కడుపు నిండ తిన్న బిడ్డా. ఇగ పట్టది."

"ఒక్క ముద్ద. నా చేతిది."

ముసలావిడ నోరు తెరిచింది. ఆకలి లేని నోటికి అన్నం ఎంత బరువో చూస్తుంటే తెలుస్తోంది. అయినా నమిలింది. అక్క ఇంకో ముద్ద కలిపింది, ఇంకోటి. అవ్వ ఒక్కదానికీ వద్దనలేదు. నేను చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాను, ఏడుపు వచ్చేంత కోపంతో.

విస్తరి ఖాళీ అయ్యాక అక్క చేయి కడుక్కుని కుండలోంచి గ్లాసుడు నీళ్లు తాగింది. ఆ రోజు రెండు విందులకు డబ్బు పెట్టిన మనిషి కడుపులోకి పోయింది ఆ నీళ్లే.