ఇపో నుంచి తెచ్చిన విమానం

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే ఎప్పుడు, ఎక్కడ, పక్కన ఎవరున్నారు అని అడిగి నోరు మూయించే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే దీన్ని ఏమీ కలపకుండా, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వై టూ కే కంప్యూటర్ పనుల కోసం మనవాళ్లు సింగపూర్‌లో గుంపులుగా దిగుతున్న రోజులవి. నాకు రాఫెల్స్ ప్లేస్‌లో ఉద్యోగం, టాంపినీస్‌లో అద్దె గది. ఆదివారాలు ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో రెండు సీట్ల చిన్న విమానం నడపడం నేర్చుకునేవాణ్ణి. లైసెన్స్ పరీక్షకు వెళ్లాలంటే శిక్షకుడు మోహనరావు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. ఎనిమిది నెలలు పెట్టలేదు.

కారణం నాకు తెలుసు. ఆ విమానం ఖలీద్ అంకుల్‌ది. హైదరాబాద్ నుంచి వచ్చి బుకిట్ బటోక్‌లో స్థిరపడిన ఇంజనీరు. నాకు విమానం దించడం నిజంగా నేర్పింది ఆయనే. నేల దగ్గరపడగానే చూపు రన్‌వే చివరకు పెట్టి, చేతిలోని పిడిని కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ ఉండమనేవారు. "నువ్వు దించకు బేటా. దానికి ఓపిక అయిపోతే అదే కూర్చుంటది," అనేవారు.

ఒకరోజు ఆయనా మోహనరావూ కలిసి వెళ్లినప్పుడు విమానం రన్‌వేకు గట్టిగా తగిలి ముందు చక్రం విరిగింది. నడిపింది ముసలాయనే, చూపు ఆనడం లేదని మోహనరావు క్లబ్ కమిటీకి చెప్పాడు. అంకుల్‌ని ఇక ఎగరనివ్వలేదు. దించింది మోహనరావేనని అంకుల్ నాకు చెప్పారు. నేను కమిటీకి మూడుసార్లు రాశాను. నువ్వు విమానంలో లేవు కదా అని జవాబిచ్చారు.

ఆ తర్వాతి ఆదివారం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో, క్లబ్‌వాళ్లం అందరం కోపి, అంటే అక్కడి కాఫీ, తాగుతుండగా, మోహనరావు నన్ను చూపించి అన్నాడు. "ఈ ప్రసాద్ విమానం దించడండీ, పారేస్తాడు. కంప్లయింట్లు మాత్రం మహా మెత్తగా దించుతాడు." ఐదుగురు నవ్వారు. ఆ ఐదుగురి పేర్లూ ఈరోజుకీ చెప్పగలను.

నాలుగు నెలలకు ఖలీద్ అంకుల్ గుండెపోటుతో పోయారు. మళ్లీ ఒక్కసారి కూడా ఎగరలేదు. జనాజా మోసిన రోజున కూడా ఎవరో ఆయన చూపు గురించే మాట్లాడారు.

విమానం మరమ్మతు మలేషియాలోని ఇపోలో పూర్తయింది. దాన్ని సింగపూర్‌కు తెచ్చిపెట్టమని అంకుల్ భార్య, ఆంటీ, నన్ను అడిగారు. నాకు లైసెన్స్ లేదు కాబట్టి క్లబ్ మోహనరావును తోడు పంపింది. సింగపూర్‌లో బాగా దించితే అక్కడే సంతకం పెడతానన్నాడు. ఫారం నా చొక్కా జేబులో ఉంది.

పొద్దున్నే బయలుదేరాం. మలక్కాలో పెట్రోలు పోయించుకున్నాం. అక్కడ మోహనరావే దించాడు, ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నానికి మా రన్‌వే ఎదురుగా కనిపించింది. గాలి లేదు. విమానం నా చేతిలో తిన్నగా దిగుతోంది. అప్పుడు మోహనరావు, "నువ్వు వదిలెయ్యి, నేను చూస్కుంటా," అన్నాడు.

అతని దగ్గర ఒక పద్ధతి ఉండేది. తాను తీసుకున్నాక శిష్యుడు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. అలాగే కూర్చున్నాను. ఆ విమానంలో ఇద్దరి ముందూ చెరో పిడి ఉంటుంది. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది.

నేల దగ్గరకు వచ్చాక అతను పిడి వెనక్కి లాగాడు. రాలేదు. విమానం నేలకు కొట్టుకుని పైకి ఎగిరింది. ఇంజను జోరు పెంచి మళ్లీ పైకి తీసుకెళ్లాడు. పైన పిడి మామూలుగానే కదిలింది. రెండోసారీ అంతే. సరిగ్గా అదే ఎత్తులో బిగుసుకుపోయింది.

"చేతులు తియ్యవయ్యా," అన్నాడు.

"కిందే ఉన్నాయి సార్. చూడండి."

చూశాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు. మూడోసారి రన్‌వే దగ్గరపడుతుండగా పిడి వదిలేసి, తన చేతులు తనే తొడల కింద పెట్టుకున్నాడు. "నువ్వే దించు."

నేను పట్టుకున్నాను. ఇక్కడినుంచి జాగ్రత్తగా రాస్తున్నాను. నేను లాగలేదు. లాగాలనుకునే లోపే పిడి కొంచెం వెనక్కి వచ్చింది. ఆగింది. మళ్లీ కొంచెం వచ్చింది. నా చేతులు దాని వెంట వెళ్లాయి. చక్రాలు నేలను తాకిన సంగతి చప్పుడు వల్లే తెలిసింది. అంత మెత్తగా నేను అంతకు ముందు ఎప్పుడూ దించలేదు.

ఇంజను ఆపాక మోహనరావు దిగలేదు. తనే అన్నాడు. "ఆ రోజు ఆయన కాదు. నేనే దించాను." తర్వాత చెయ్యి చాపాడు. "ఆ ఫారం ఇటివ్వు, సంతకం పెడతా. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ."

ఎనిమిది నెలలు ఎదురుచూసిన ఫారం. తీసి, వెనక్కి తిప్పి, ఖాళీ వైపు అతని ముందు పెట్టాను. "ఇప్పుడు అన్నది రాయండి. దానికింద పెట్టండి సంతకం."

రాశాడు. అతన్ని చూస్తే జాలి వేయలేదు. అబద్ధం ఎందుకు.

నకలు కమిటీకి ఇచ్చాను. అసలు కాగితం ఆంటీకి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదువుకుని ఖురాన్ పక్కన పెట్టారు. మోహనరావు క్లబ్ మానేశాడు. మిగతా శిక్షకులెవరూ నన్ను చేర్చుకోలేదు. నాకు ఈరోజుకీ లైసెన్స్ లేదు.

మెకానిక్‌లు విమానం విప్పి చూశారు. పిడికి కట్టిన తీగలు, కప్పీలు అన్నీ బాగున్నాయన్నారు. ఇద్దరూ ఒకేసారి పట్టుకుని ఉంటారన్నారు. నేను పట్టుకోలేదు. మరి ఎవరన్నది నాకు తెలియదు, ఊహించి చెప్పను. నవ్విన ఐదుగురిలో ముగ్గురు తర్వాత నాకు ఫోన్ చేసి, అసలేం జరిగిందని అడిగారు. విమానంలో మీరు లేరు కదా అన్నాను.